జాతికుక్క: ప్రమాణ పత్రముపై ఒక విమర్శ

మే నెల మధ్యాహ్నము. పాల్వంచ దాటి భద్రాచలము వైపు పోవుచుండగా, అడవి దగ్గరపడుచోట ఒక పల్లె. చింతచెట్టు క్రింద ఊరకుక్క ఒకటి మన్ను గీరి, ఆ చల్లని గోతిలో పొట్ట ఆనించి, నాలుక చాచి పడుకొని యున్నది. ఆ ప్రక్కనే మా విద్యార్థి యింటి అరుగు మీద, ఖమ్మములో వేలు పోసి కొనితెచ్చిన పగ్ కుక్కపిల్ల గురక పెట్టుచు, గాలి అందక, నాలుక నీలమెక్కి, నీడలోనే సొమ్మసిల్లినది. నీళ్ళు చల్లి, విసనకర్రతో విసరి ఎట్లో బ్రతికించితిమి. "సార్, అంత మంచి జాతికుక్క ఇట్లయినదేమి? ఊరకుక్కకు ఏమీ కాలేదేమి?" అని ఆ బాలుడు అడిగెను. ఆ ప్రశ్నకు సమాధానమే ఈ వ్యాసము.

విమర్శ యనగా కావ్యమునకో నాటకమునకో చేయునదని మన తలంపు. నేనిచ్చట విమర్శకు తీసికొన్నది ఒక చిన్న పత్రము. ప్రతి జాతికుక్కకును ఒక ప్రమాణ పత్రము కలదు. తల ఎంత ఉండవలెను, మూతి ఎంత పొట్టిగా ఉండవలెను, తోక ఎట్లు చుట్టుకొనవలెను, రంగు ఏది కావలెను అని అది నిర్ణయించును. 1859లో ఇంగ్లండులోని న్యూకాజిల్ నగరమున కుక్కల ప్రదర్శన జరిగినది. 1873లో లండనులో కెన్నెల్ క్లబ్బు ఏర్పడినది. అంతకు ముందు కుక్కను మంద కాయుటకో, వేటకో, కాపలాకో ఎన్నుకొనెడివారు. పని చేతకాని కుక్కకు విలువ లేదు. ప్రదర్శనలు వచ్చిన పిమ్మట కుక్క చేయు పని వెనుకబడి, కంటికి కనబడు రూపము ముందుకు వచ్చినది. డార్విన్ వివరించిన కృత్రిమ వరణము అప్పుడును పని చేయుచునే యున్నది. వరించు కన్ను మాత్రము మారినది.

ఈ పత్రమునందు గుణమే లేదనరాదు. పిల్ల పెరిగి ఎంతటిదగునో, బొచ్చు ఎట్లుండునో కొనువానికి ముందుగా తెలియును. తరతరాల వంశావళులు భద్రపరచుట వలన జన్యుశాస్త్రజ్ఞులకు విలువైన సామగ్రి లభించినది. 2005లో కుక్క జన్యుపటమును ప్రకటించినపుడు ఎన్నుకొన్నది టాషా అను బాక్సర్ జాతి ఆడకుక్కను. అందలి జన్యు వైవిధ్యము తక్కువ గనుక చదువుట సులభమగునని! శాస్త్రజ్ఞునికి సౌకర్యమైన ఆ లక్షణమే కుక్కకు కీడు.

మొదటి దోషము, ఈ పత్రము పైరూపమును మాత్రమే కొలుచుట. కుక్కకు పాదముల అడుగున తప్ప చెమట పట్టదు. వగర్చునపుడు నాలుక మీదను, ముక్కు లోపలి తడి పొరల మీదను నీరు ఆవిరియగుట వలననే దాని ఒడలు చల్లబడును. పగ్ జాతిలో మూతి ఎముకను తరతరములుగా కుదించినారు. లోపలి మెత్తని అంగిలి మాత్రము ఆ మేరకు కుదియలేదు. అది గాలిదారికి అడ్డుపడును. ముక్కు రంధ్రములు సన్ననైనవి. ఎండ 44, 45 డిగ్రీలకు చేరు మన ప్రాంతమున అట్టి కుక్కను పెంచుట, కిటికీలు మూసిన వంటగదిలో పొయ్యి వెలిగించుట వంటిది. దాని తోక రెండు చుట్లు తిరిగిన మరింత మెచ్చుకొనుమని ఆ జాతి ప్రమాణము. తోకను అట్లు వంచు వంకర పూసలే వెన్నెముకలో ఏర్పడినచో వెన్నుపాము నలిగి వెనుక కాళ్ళు పడిపోవచ్చును. బుల్‌డాగ్ పుర్రె ఎంత పెద్దదైన అంత మేలని 19వ శతాబ్దపు ప్రమాణము చెప్పినది. 2010లో బ్రిటనులో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో ఆ జాతి కాన్పులలో నూటికి 80కి పైగా కడుపు కోసి చేసినవే. తనంత తాను ఈనలేని జంతువును మేలుజాతి యనుట ఎట్లు?

రెండవ దోషము మన దేశమునకు సంబంధించినది. తమిళనాడులోని రాజపాళయము తెలుగు మాట్లాడు రాజులు స్థిరపడిన పట్టణము. ఆ ఊరి పేరిట ప్రసిద్ధమైన వేటకుక్కలో పాలవలె తెల్లని ఒంటిని, గులాబిరంగు ముక్కును కోరి ఎన్నుకొనుట ఆచారమైనది. ఆ తెల్లని కుక్కలలో చెవిటి పిల్లలు తరచుగా పుట్టుచున్నవి. కారణము వింతగా తోచును గాని సులభము. చర్మమునకు రంగునిచ్చు కణములు చెవి లోపల కూడ ఉండి వినికిడికి తోడ్పడును. రంగు వలదని ఆ కణములను తొలగించిన, వినికిడియు పోవును. కావలికుక్కను తెల్లదనము కొరకు ఎన్నుకొని చెవిటిదానిని చేసికొన్నాము.

మూడవ దోషము తలుపు మూయుట. జాబితాలోని కుక్కలనే ఒకదానితో నొకటి జతకట్టించిన కొలది రక్తసంబంధము దగ్గరగును. తోబుట్టువుల జత వలన పుట్టిన పిల్లలో జన్యుజంటలలో నాలుగవ వంతు ఒకే మూలప్రతికి చెందినవి కావచ్చును. అణగియున్న అంతర్గత దోషము అప్పుడు బయటపడును. బ్రిటనులోని సుమారు 10,000 పగ్ కుక్కలలోని జన్యు వైవిధ్యము కేవలము 50 కుక్కలకు సరిపోవునంతయే యని 2008లో తేలినది. నల్లమచ్చల డాల్మేషియన్ కథ ఇంకను బోధకరము. శుద్ధమైన డాల్మేషియనులన్నిటిలోను యూరికామ్లము మితిమీరి, మూత్రమున రాళ్ళు ఏర్పడు ప్రమాదము కలదు. మంచి జన్యువు ఆ జాతిలో ఒక్కదానికిని మిగులలేదు. కావున లోపల ఎంత వెదకి జతపరచినను ప్రయోజనము లేదు. 1973లో రాబర్ట్ షేబుల్ అను అమెరికను జన్యుశాస్త్రజ్ఞుడు పాయింటర్ కుక్కతో ఒక్కసారి సంకరము చేసి, పిమ్మట తరతరమును డాల్మేషియనులతోనే కలిపి, మచ్చలు చెడకుండ ఆ రోగమును తొలగించెను. 1981లో రెండింటిని నమోదు చేసి, అభ్యంతరములు రాగా ఆపివేసిన అమెరికను క్లబ్బు, తిరిగి తలుపు తెరచినది 2011లో. శుద్ధి యను మాటకు కుక్కలు ముప్పది ఏండ్లు వెల చెల్లించినవి.

నాలుగవ దోషము, పేరు చూచి స్వభావమును ఊహించుట. 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వము 23 జాతులను క్రూరమైనవిగా పేర్కొని నిషేధింపుమని రాష్ట్రములకు వ్రాసినది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తరువును కొట్టివేసినది. 18,000కు పైగా కుక్కలపై జరిపి 2022లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, ఒక్కొక్క కుక్క ప్రవర్తనలోని భేదములలో జాతి వలన కలుగునవి నూటికి 9 మాత్రమే. బలమైన దవడ గల కుక్క కరచిన గాయము పెద్దదగుననుట నిజమే. కాని దానిని ఎవరు, ఎట్లు పెంచిరనునది పత్రమునందు ఉండదు.

2008లో బి.బి.సి. ప్రసారము చేసిన 'పెడిగ్రీ డాగ్స్ ఎక్స్‌పోజ్డ్' అను చిత్రము ఈ దోషములను లోకమునకు చూపినది. మరుసటి ఏడు కెన్నెల్ క్లబ్బు అనేక ప్రమాణములను సవరించినది. మంచిదే. కాని కాగితము మీద మాట మారినంతనే మూతి మొలవదు. కొనువాని కన్ను మారవలెను.

ఇక మన ఊరకుక్క. 1959లో భద్రాచలము ఖమ్మము జిల్లాలో చేరినది. 2016లో భద్రాద్రి కొత్తగూడెము వేరు జిల్లా అయినది. పటములు మారినను, కోయగూడెముల వాకిటను పోడుచేల మంచె క్రిందను ఆ పొట్టి బొచ్చు, నిక్కిన చెవులు, కొడవలి తోక గల కుక్క అట్లే యున్నది. దానికి ప్రమాణ పత్రము లేదు. ఎండ, ఆకలి, రోగములే దాని న్యాయనిర్ణేతలు. అందుచేత దానిని ఆకాశమున కెత్తరాదు. ప్రకృతి వరణము దయ గలది కాదు. ఆ పిల్లలలో ఎన్నో పెరుగకుండనే చచ్చును. టీకా లేని కుక్క వలన రేబిస్ మనుష్యునికి, డిస్టెంపరు రోగము అడవిలోని రేచుకుక్కకు సోకవచ్చును. ఊరకుక్కకు టీకా కావలెను, జాతికుక్కకు వైవిధ్యము కావలెను.

ఈ విమర్శ ఇప్పుడే చేయుటకు కారణము కలదు. మన దేశీయ కుక్కలపై ఆదరము పెరుగుచున్నది. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ రాజపాళయం, చిప్పిపారై, ముధోల్ కుక్కలను నమోదు చేసినది. మనకును కొల్లేటి ప్రాంతపు జోనంగి, కర్నూలు జిల్లా పందికోన కుక్కలు కలవు. ఒకటి బాతుల మందకు కావలి, రెండవది ఇంటికి, చేనికి కావలి. వీనిని కాపాడవలసినదే. అయితే వీనికిని రంగు, చెవి, తోక కొలతలు వ్రాసి తలుపు మూసినచో, పరదేశపు తప్పునే స్వదేశాభిమానముతో చేసినవారమగుదుము. ముందు వ్రాయవలసినవి వేరు: ఎండలో హాయిగా ఊపిరి పీల్చునా? తనంత తాను ఈనునా? చక్కగా వినునా? పిల్లలవద్ద నెమ్మదిగా ఉండునా? ఇవి కుదిరిన పిమ్మట రంగు సంగతి.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక చిన్న పని చేయించవచ్చును. ఒక కుక్కకు ఎనిమిది మంది ముత్తాత ముత్తవ్వలు ఉండవలెను గదా! వంశవృక్షము గీయించి, ఆ ఎనిమిదిలో ఒకే పేరు ఎన్నిసార్లు వచ్చినదో లెక్కించమనుడు. కుక్కపిల్లను అమ్మువానిని ఆ పట్టిక అడుగుట విద్యార్థి నేర్వవలెను. నమోదు లేనివారు వ్యాపారము కొరకు కుక్కల ప్రజననము చేయరాదని, ఎనిమిది వారములు నిండని పిల్లను అమ్మరాదని 2017 నాటి కేంద్ర నియమములు చెప్పుచున్నవి. వీనినిగూడ విద్యార్థి తెలిసికొనవలెను.

మా విద్యార్థి పగ్ కుక్క బ్రతికియే యున్నది. వేసవిలో మాత్రము దానిని పగలు బయటికి తీయడు. ఊరకుక్క చింతచెట్టు క్రింద తన గోతిలోనే యున్నది.