రెండో చలికాలం దాకా

తూర్పు టెక్సస్‌లో ట్రినిటీ, నెచెస్ నదుల పల్లపు అడవుల్లో అడవిపందుల వేటకు చలికాలం రాత్రులే అదను. ఆరితేరిన కుక్కలు ట్రక్కు దిగీదిగగానే చీకట్లో కలిసిపోతాయి. యజమాని చేతిలోని జీపీఎస్ తెర మీద వాటి గుర్తులు రెండు వందల గజాలు, నాలుగు వందల గజాలు అంటూ దూరమైపోతుంటాయి. ఒక్క గుర్తు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అది పది నెలల కుర్ర కుక్కది. యజమాని కాళ్ల పక్కనే నిలబడి, చెవులు రిక్కించి, కాసేపు అడవి వైపు, కాసేపు ఆయన మొహం వైపు చూస్తుంటుంది. ఆ క్షణంలో ఆయనకు వచ్చేది కోపమా, ఓపికా అన్నదాని మీదే ఆ కుక్క బతుకు చాలావరకు ఆధారపడి ఉంటుంది.

పంది ఆ నేలకు పరాయి జంతువు. 1539లో స్పెయిన్ దండనాయకుడు హెర్నాండో డి సోటో ఫ్లోరిడా తీరాన దిగినప్పుడు సైన్యం తిండికోసం పందుల్ని వెంట తెచ్చాడు. తప్పించుకుపోయినవి, తర్వాత వచ్చిన రైతులు మేతకు వదిలేసినవి, వేట సరదా కోసం ఐరోపా నుంచి దిగుమతి చేసుకున్నవి అన్నీ కలగలిసి అడవిపాలయ్యాయి. ఇప్పుడు అమెరికా మొత్తం మీద 60 లక్షలు దాటాయని ఆ దేశపు వ్యవసాయశాఖ లెక్క. ఒక్క టెక్సస్‌లోనే 26 లక్షలు ఉండొచ్చని అక్కడి ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయ నిపుణుల అంచనా. పంటలు, పచ్చికబయళ్లు, చెరువు గట్లు ఏవీ వీటికి మినహాయింపు కాదు. మన తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉండే డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లోనూ ఇళ్ల ముందు పచ్చిక తవ్విపోసిన సందర్భాలున్నాయి. బోనులు పెడుతున్నారు, హెలికాప్టర్ల నుంచి కాల్చుతున్నారు. ముళ్లపొదల్లో నక్కిన పందిని వెతకాల్సి వచ్చినప్పుడు మాత్రం కుక్క ముక్కే దిక్కు.

ఈ వేటలో కుక్కల పని రెండు రకాలు. పందిని పసిగట్టి, వెంటాడి, కదలకుండా నిలేసి, ఎదురుగా నిలబడి మొరిగేది ‘బే డాగ్’. మనుషులు చేరుకున్నాక వదిలితే వెళ్లి చెవి పట్టి అణచేది ‘క్యాచ్ డాగ్’. రెండో పనికి అమెరికన్ బుల్‌డాగ్ లాంటి బలమైన జాతులు కావాలి. మొదటిదానికి కటహౌలా, బ్లాక్ మౌత్ కర్, బ్లూ లేసీ, ప్లాట్ హౌండ్ పేరున్నవి. వీటిని అక్కడివాళ్లు ఎంతగా సొంతం చేసుకున్నారంటే, లూసియానా 1979లో కటహౌలాను, నార్త్ కరోలినా 1989లో ప్లాట్‌ను, టెక్సస్ 2005లో బ్లూ లేసీని తమ రాష్ట్ర శునకాలుగా ప్రకటించుకున్నాయి.

పందిని నిలేయడం చూసినంత తేలిక కాదు. కుక్క మరీ మీదమీదకు పోతే పంది తెగించి పొడుస్తుంది, లేదా పొద చీల్చుకుని పరుగందుకుంటుంది. మరీ దూరంగా నిలబడితే లెక్కచేయకుండా నడిచిపోతుంది. ఆ రెంటికీ మధ్య దూరం ప్రతి పందికీ మారుతుంది, ఒకే పందికి నిమిషానికోసారి మారుతుంది. మగపంది భుజాల మీద తోలు కింద డాలు లాంటి గట్టి పొర ఉంటుంది. కింది కోరలు పై కోరలకు రాసుకుంటూ ఎప్పటికప్పుడు పదునెక్కుతుంటాయి. అందుకే కుక్కలకు మెడపట్టీలు, ఛాతీ కవచాలు తొడుగుతారు. ఇంత లెక్క పది నెలల కుక్కకు పట్టుబడాలని కోరుకోవడం న్యాయం కాదు.

ఆలస్యానికి కారణాలు ఒంట్లోనే ఉంటాయి. ఏడో నెలకు గాని పాలపళ్లు పోయి శాశ్వత దంతాలు పూర్తిగా రావు. పెద్ద జాతుల్లో ఎముకల చివర్లు గట్టిపడటానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. ఈడొచ్చే వయసులో, నిన్నటిదాకా లెక్కచేయని శబ్దానికే బెదిరిపోయే రోజులు కొన్ని వస్తాయని శిక్షకులందరికీ తెలుసు. ఇవన్నీ అన్ని కుక్కల్లో ఒకే తీరున జరగవు. మెయిన్ రాష్ట్రంలోని బార్ హార్బర్ ప్రయోగశాలలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ ఐదు జాతుల కుక్కపిల్లలను ఏళ్ల తరబడి గమనించి 1965లో వెలువరించిన పుస్తకంలో, జాతికీ జాతికీ మధ్యే కాదు, ఒకే జాతిలోని కుక్కల మధ్య కూడా స్వభావంలో ఎంతో తేడా ఉంటుందని చూపారు. ఒకే ఈతలో పుట్టిన ఒక పిల్ల ఆరో నెలలో పందిని చూసి మొరిగితే, దాని తోబుట్టువు పద్దెనిమిదో నెలలో మొరగవచ్చు.

తొందరపడేవాళ్లు ఇక్కడే కుక్కను చెడగొడతారు. బెరుకు పోగొడదామని నేరుగా కోరలున్న మగపంది ముందుకు తోస్తారు. ఒక్క దెబ్బ తగిలితే చాలు, పంది వాసన అంటే నొప్పి అని దాని మనసులో నాటుకుపోతుంది. కరెంటు కాలర్‌తో అదిలించేవాళ్లు చేసేదీ అదే. జింకల వెంట పడకుండా మాన్పించడానికి ఆ కాలర్ పనికొస్తుంది. పంది ఎదురుగా ఉన్నప్పుడు బొత్తాం నొక్కితే మాత్రం ఆ షాక్ పందే కొట్టిందనుకుంటుంది కుక్క. రుచి మప్పుదామని అడవిపంది పచ్చిమాంసం పెట్టడం ఇంకా ప్రమాదం. అందులో సూడోరేబిస్ వైరస్ ఉంటే కుక్క రెండు మూడు రోజుల్లో చనిపోతుంది. దానికి చికిత్స లేదు.

ఓపిక అంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కూడా కాదు. తెలిసినవాళ్లు చేసే పని చూస్తే ఆ సంగతి అర్థమవుతుంది. కంచె వేసిన విశాలమైన దొడ్డిలోకి పాలు మరిచిన చిన్న పందిపిల్లను వదులుతారు. కుర్ర కుక్కను ఒంటరిగా లోపలికి పంపి, మనిషి మాట్లాడకుండా గేటు దగ్గరే నిలబడతాడు. కుక్క మొదట కంచె వెంట నడుస్తుంది, గడ్డి వాసన చూస్తుంది, గేటు వైపు తిరిగి చూస్తుంది. పందిపిల్ల కదలగానే దాని ముక్కు లేస్తుంది, ముందు కాలు ఒకటి గాల్లోనే ఆగిపోతుంది. రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి వస్తుంది. పందిపిల్ల భయపడి పరిగెత్తిందంటే దాని వెనకాలే నాలుగు గంతులు వేస్తుంది. గొంతులోంచి బొంగురుగా ఒక్క అరుపు వస్తుంది. సరిగ్గా అప్పుడే మంచి శిక్షకుడు కుక్కను బయటికి తీసుకొచ్చేస్తాడు. ఇంకా కావాలని అది లాగుతుండగానే ఆటకట్టేస్తాడు. ఆ తీరని కోరికతోనే వచ్చేవారం గేటు దగ్గరికి అదే ముందుగా పరిగెడుతుంది. ఈ వ్యాసకర్త దృష్టిలో ఈ విద్య మొత్తంలో కష్టమైనది ఈ ఆపడమే. నెలల తరబడి ఎదురుచూసిన అరుపు వినబడ్డాక, ఇంకొక్కసారి విందామన్న ఆశను అణచుకోవడం సామాన్యం కాదు.

దొడ్డి దాటాక ముదురు కుక్క తోడు కావాలి. కుర్రది దాన్ని చూసి గాలిలో వాసన పట్టడం, జాడ వదలకపోవడం, పంది దూకినప్పుడు పక్కకు తప్పుకోవడం నేర్చుకుంటుంది. ఇందులో ఒక చిక్కుంది. ఎప్పుడూ తోడుతోనే తిరిగితే ఆ ముదురుది మొరిగినప్పుడు తానూ మొరగడమే వేట అనుకుంటుంది, సొంతంగా ఒక్క పందిని వెతకదు. అందుకే నెలలో కొన్ని రాత్రులు దాన్ని ఒక్కదాన్నే అడవిలో తిప్పాలి. ఆ రాత్రుల్లో చాలావరకు ఏమీ దొరకదు. మాంసం కోసం, ఫొటో కోసం వచ్చేవాళ్లకు అవి వృథా రాత్రులు. కుక్కకు మాత్రం ముక్కు తెరుచుకునేది ఆ రాత్రుల్లోనే.

మనకూ పందివేట కుక్క ఒకటుంది. తమిళనాడులో తెలుగు మాట్లాడే రాజులు స్థిరపడిన రాజపాళయం ఊరి పేరే దానిది. ఒళ్లంతా తెలుపు, గులాబి రంగు ముక్కు, పొడవాటి కాళ్లు. ఒకప్పుడు పాళెగాళ్ల దగ్గర అడవిపందుల వేటకు పేరుపడ్డ ఈ జాతి మీద తపాలాశాఖ 2005లో బిళ్ల విడుదల చేసింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక కుక్కలతో వేట మన దేశంలో నేరం, ఇప్పుడది ఇంటి కాపలాకే. కాపలాకైనా దాన్ని పెంచేవాళ్లకు ఇదే ఓపిక అవసరం. కొత్తవాళ్లను నమ్మడానికి అది తీసుకునే వ్యవధిని గౌరవించకుండా కొట్టి మచ్చిక చేసుకోవాలని చూస్తే, పిరికిగానో కరిచేదిగానో తయారవుతుంది.

ఇక ఎంతకాలం ఆగాలన్న ప్రశ్న. గడువు లేని ఓపిక కుక్కకూ మంచిది కాదు, ఏళ్ల తరబడి గొలుసుకు కట్టిపడేసే కుక్కలు అలాగే తయారవుతాయి. వసంతంలో పుట్టిన పిల్లకు మొదటి చలికాలం వచ్చేసరికి ఎనిమిదో పదో నెలలుంటాయి. ఆ కాలమంతా చూడటానికీ తిరగడానికీ వదిలేయాలి. గల్ఫ్ తీరపు వేసవి వేడికి కుక్కలు వడదెబ్బతో పడిపోతాయి కాబట్టి ఎండల్లో దొడ్డి పనితో సరిపెట్టాలి. రెండో చలికాలం ముగిసేసరికి దానికి రెండేళ్లు నిండుతాయి. అప్పటికీ పంది మీద ఆసక్తి పుట్టకపోతే పుట్టదని ఒప్పుకోవచ్చు.

అలా తేలిన కుక్కకూ పని ఉంది. టెక్సస్‌లో చాలా కౌంటీల్లో, తూటా తగిలి తప్పించుకున్న జింకను కుక్కతో వెతకడానికి అనుమతి ఉంది. బ్లూ లేసీలకు ఈ పనిలో మంచి పేరుంది. పొడవాటి తాడు కట్టించుకుని, అడుగడుగునా ఆగుతూ నెత్తుటి జాడ పట్టడానికి దుడుకు కుక్కల కంటే నిదానమైనవే బాగా నప్పుతాయి. పందికి వెనకాడిందని దాన్ని ఎవరికో ఇచ్చేసేముందు, జింకల సీజను మొదలయ్యే నవంబరులో ఆ తాడు కట్టి నాలుగు జాడల మీద నడిపించి చూడాలి.