ఆకుల రంగులు – కెమేరా సాక్ష్యము

గోడ కాలెండర్లలోను ప్రదర్శనశాలలలోను ఎర్రని ఆకులతో, పసుపుపచ్చని ఆకులతో నిండిన అడవుల బొమ్మలను మనమందరము చూచియున్నాము. అవి చాలవరకు కెనడా, జపాను, ఉత్తర ఐరోపా దేశములవి. వానిని చూచి ముచ్చటపడిన మన యువ ఛాయాగ్రాహకులు అట్టి చిత్రములనే సికింద్రాబాదు కంటోన్మెంటు వీధులలోను, వికారాబాదు సమీపమున నున్న అనంతగిరి అడవిలోను తీయవలెనని ఉత్సాహపడుచున్నారు. ఉత్సాహము మంచిదే. కాని ఆ ప్రయత్నమున పుట్టుచున్న చిత్రములలో పెక్కింటికి రెండు లోపములున్నవి. ఒకటి ఋతువును గూర్చినది. రెండవది రంగును గూర్చినది.

మొదట ఋతువు సంగతి. ఇట్టి చిత్రముల క్రింద ‘శరత్కాల శోభ’ అని వ్రాయుట పరిపాటియైనది. మన శరత్తు ఆశ్వయుజ కార్తిక మాసములు. అప్పటికి వానలు వెనుకబట్టి కొద్దికాలమే అగుటచేత నేలలో తేమ ఇంకను నిలిచియుండును. దక్కను పీఠభూమిపై చెట్లు నిండుపచ్చగా నుండు కాలమది. మనకు ఆకు రాలునది శిశిరమున, మాఘ ఫాల్గుణములలో. శీతల దేశములలో పగలు తగ్గుట, చలి ముదురుట చెట్టుకు హెచ్చరిక. మన దేశమున ఆ హెచ్చరిక ముఖ్యముగా నీటి కొరత. ఎండ తీవ్రమగుచు నేల ఎండుచున్నపుడు ఆకుల ద్వారా నీరు ఆవిరియై పోకుండ చెట్టు వానిని వదలించుకొనును. కనుక అక్టోబరులో ఎర్రని ఆకులకొరకు వెదకి, లేవని నిరాశపడిన ఛాయాగ్రాహకుడు చెట్టును నిందింపరాదు. తన పంచాంగమును సరిచూచుకొనవలెను.

ఇక రంగు సంగతి. ఆకు పండినపుడు దానిలోని పత్రహరితము విచ్ఛిన్నమగును. అంతవరకు దానిచాటున దాగియున్న కెరోటినాయిడ్లు బయటపడి ఆకు పసుపుగా కనబడును. ఈ పసుపు క్రొత్తగా పుట్టినది కాదు, మరుగు తొలగినది మాత్రమే. ఎరుపు అట్లు కాదు. ఆంథోసయనిన్ అను వర్ణద్రవ్యమును ఆకు అప్పటికప్పుడు తయారు చేసికొనును. శీతల దేశముల చెట్లలో పలు జాతులు ఈ పనిని ఆకు ముసలితనమున చేయును. మన చెట్లలో పెక్కు ఆకు పసితనముననే చేయును. ఈ ఒక్క భేదమును గుర్తింపకపోవుటయే మన చిత్రముల ప్రధాన లోపము.

రావిచెట్టును చూడుడు. దాని పండుటాకు పసుపు; చిగురు రాగిరంగు. వేప చిగురు కెంపు కలిసిన గోధుమవన్నె. మామిడి లేతాకు, ఇప్ప లేతాకు కూడ ఎర్రనివే. అడవిలోని పుసుగు చెట్టు వేసవి ప్రారంభమున నిలువెల్ల ఎర్రని చిగురు తొడుగుకొని, దూరమునుండి చూచువారికి పూచినదేమో అను భ్రమ కలిగించును. పత్రహరితము ఇంకను నిండని లేతాకును తీక్ష్ణమైన ఎండనుండి ఈ ఎరుపు కాపాడునని కొందరు శాస్త్రజ్ఞుల అభిప్రాయము. ఆకు తిను పురుగులను దూరముగా నుంచునని మరికొందరి అభిప్రాయము. రెండును నిజము కావచ్చును. పండిన తరువాత ఎర్రబారు చెట్లు మనకు లేవనరాదు. బాదము చెట్టు ఆకులు రాలుటకు ముందు ముదురెరుపు తిరుగును. కాని అది సముద్రతీరముల చెట్టు. మన వీధులలో నీడకై నాటబడినది. దక్కను అడవులలో చిరుమాను ఆకులు రాలుముందు రాగివన్నె దాల్చును.

ఈ భేదము తెలియని చేతిలో ఫాల్గుణ మాసపు రావిచిగురు ‘రాలిపోవు ఆకు’ అను పేరుతో ప్రదర్శనకెక్కును. పుట్టుకను మరణమని చెప్పుట చిన్న పొరపాటు కాదు. గుర్తుపట్టుట సులభమే. లేతాకు కొమ్మ చివరనుండును, మెత్తగా వ్రేలాడును, మచ్చలుండవు, ఎండకెదురుగా చూచిన వెలుగు లోనుండి ప్రసరించును. పండుటాకు పాతది గనుక కొమ్మపై వెనుకగా నుండును. బిరుసుగా, పురుగు తిన్న గుర్తులతో కనబడును.

కెమేరా ఈ రంగులను ఎన్నడైన యథాతథముగా చూచినదా? ఈ ప్రశ్నకు సికింద్రాబాదు చరిత్రలోనే ఒక పాఠమున్నది. రాజా దీనదయాళ్ (1844–1905) 1886 ప్రాంతమున ఇచ్చట తన చిత్రశాలను నెలకొల్పెను. ఆరవ నిజాముకు ఆస్థాన ఛాయాగ్రాహకుడై దక్కను కోటలను, రాజప్రాసాదములను, జనులను గాజుపలకలపై నిలిపెను. అయితే ఆనాటి సామాన్యపు పలకలు ముఖ్యముగా నీలికాంతికే స్పందించెడివి. పత్రహరితము, కెరోటినాయిడ్లు, ఆంథోసయనిన్ – ఇవి మూడును నీలికాంతిని ఎంతో కొంత మ్రింగునవే. అందుచేత అట్టి పలకపై పచ్చాకు, పండుటాకు, చిగురు ఇంచుమించు ఒకే చీకటిగా పడును. అది కళాకారుని లోపము కాదు, పలకయొక్క పరిమితి. 1873లో వోగెల్ అను జర్మను శాస్త్రజ్ఞుడు కొన్ని రంగుద్రవ్యములను కలిపినచో పలక ఆకుపచ్చ కాంతినికూడ గ్రహింపగలదని కనుగొనెను. 1907లో ఫ్రాన్సునందు ల్యూమియేర్ సోదరులు, రంగులద్దిన బంగాళదుంప పిండిరేణువులతో చేసిన రంగుల పలకలను విపణికి తెచ్చిరి.

నేటి డిజిటల్ కెమేరా ఆ పరిమితులను చాలవరకు దాటినది. దాని గ్రాహకమున సామాన్యముగా ప్రతి నాలుగు బిందువులలో రెండు ఆకుపచ్చకు, ఒకటి ఎరుపునకు, ఒకటి నీలమునకు. దీనదయాళునకు లేని సౌకర్యము మనకున్నది. ఆయనకు లేని ప్రలోభముకూడ మనకున్నది. చిత్రము తీసిన పిమ్మట ఎరుపును ఎంతైన పెంచవచ్చును. అట్లు పెంచినచోట ఎరుపు హద్దు దాటి, ఆకు ఈనెలు, మడతలు, పురుగు కొరికిన అంచులు కరగిపోయి ఒకే ముద్ద మిగులును. రాగివన్నె చిగురు కుంకుమగా మారును. నూరేండ్లనాటి పలక రంగును చూడలేక దాచినది. నేటి చిత్రము చూచికూడ దాచుచున్నది. రెండవదే ఎక్కువ దోషము.

రంగు ఒక సంకేతమనియు, దానికి అర్థము చెప్పవలసినది మనమేయనియు తెలియుటకు సికింద్రాబాదు చేరువనున్న బాలానగరులోని జాతీయ సుదూర సంవేదన కేంద్రము పని ఒక నిదర్శనము. పచ్చని ఆకు మన కంటికి కనబడని పరారుణ కాంతిని మిక్కుటముగా ప్రతిఫలించును. ఉపగ్రహ చిత్రములలో ఆ కాంతిని ఎరుపుగా చూపు పద్ధతి కలదు. అచ్చట ఎర్రగా కనబడు అడవి నిండుపచ్చని అడవి; శిశిరమున ఆకు రాలినకొలది ఆ ఎరుపు తగ్గును. ఇది అబద్ధము కాదు, ఏలయన ఏ రంగు దేనికి గుర్తో ముందే చెప్పబడినది. చెప్పకుండ మార్చిన రంగే అబద్ధము.

అట్లని ఛాయాచిత్రకారునకు సౌందర్యదృష్టి వలదని కాదు. సూర్యుని ఆకు వెనుక నుంచుకొని తీసినచో ఆకు దీపమువలె వెలుగును. అది చెట్టు ఇచ్చినదే. ప్రాతఃకాలపు వాలు వెలుగులో చిగురు వన్నె చక్కగా తేరును. ఒక తెల్లకాగితమునో, బూడిదరంగు అట్టనో అదే వెలుగులో ఒకసారి చిత్రించుకొన్నచో తరువాత రంగును సరిచూచుకొనుట సులభము. చిత్రము క్రింద చెట్టు పేరు, తేది, స్థలము – ఈ మూడును వ్రాయవలెను. ఒకే రావిచెట్టును ఏటేట ఇట్లు చిత్రించి దాచినచో అది చిగురించు కాలము ముందునకు జరుగుచున్నదా, వెనుకకు జరుగుచున్నదా అని చెప్పగల సాక్ష్యము ఏర్పడును. వాతావరణము మారుచున్న ఈ దినములలో అట్టి సాక్ష్యము విలువ గొప్పది. రంగు మార్చిన చిత్రము, తేది లేని చిత్రము అందులకు పనికిరావు.

పరదేశపు శరత్తును మన చెట్లపై వెదకువానికి మన చెట్లు పేదవిగానే కనబడును. శిశిరమున పసుపును, వసంతారంభమున ఎరుపును, ఒక్కొక్కప్పుడు ఒకే కొమ్మపై రెంటిని చూపు రావిచెట్టు పేదది కాదు. ఆ కొమ్మను ఉన్నదున్నట్లు పట్టిన చిత్రమే మనకు కావలసిన చిత్రము.