చీమకుర్తి నల్లరాయికి కెమెరా పడితే

కళ్లాల్లో ఆరబోసిన మిరప ఎరుపునూ, నల్లరేగడిలో విచ్చుకున్న పత్తినీ గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఫొటో తీయనివాళ్లు అరుదు. ఈ నేల కింద గడ్డకట్టిన నిప్పు వైపు కెమెరా తిప్పేవాళ్లు మాత్రం తక్కువ. ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డు పట్టుకుని ఇరవై కిలోమీటర్లు దాటితే చీమకుర్తి వస్తుంది. అక్కడా, రామతీర్థం చుట్టుపక్కలా తవ్వే ‘బ్లాక్ గెలాక్సీ’ రాయి దేశదేశాల వంటింటి గట్ల మీదికీ, హోటళ్ల నేలల మీదికీ చేరుతోంది.

వ్యాపారులు దీన్ని గ్రానైట్ అంటారు. భూగర్భ శాస్త్రం ప్రకారం ఇది గాబ్రో జాతి శిల. వంద కోట్ల ఏళ్లకు పూర్వమే శిలాద్రవం పైకి చిమ్మకుండా లోపలే ఆగి, తీరిగ్గా చల్లారింది. అందుకే స్ఫటికాలు పెద్దవిగా ఎదిగాయి. పంగిడి, కాటేరు దగ్గర గోదావరికి అటూ ఇటూ కనిపించే బసాల్ట్ దీనికి భిన్నం. అది సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట నేల మీద పారి, త్వరగా గట్టిపడిన లావా. అందులో రేణువులు కంటికి ఆనవు. పారిన లావా కావాలంటే పంగిడి వెళ్లాలి, పారకుండా ఆగిపోయింది చూడాలంటే చీమకుర్తి. మండే అగ్నిపర్వతమే కావాలని పట్టుబడితే దేశంలో ఉన్నది అండమాన్‌లోని బారెన్ ద్వీపం ఒక్కటే.

క్వారీ అంచున నిలబడ్డవాళ్లకు మొదట నిరాశే. నల్లటి లోయ కనిపిస్తుందనుకుంటే బూడిదరంగు మెట్లు కనిపిస్తాయి. వజ్రపు ముక్కలు పొదిగిన వైరు, నీళ్ల ధారతో రాయిని కోసుకుంటూ పోతుంది. ఆ గరుకు కోతలో నలుపు బయటపడదు. పాలిష్ పడితేనో, వాన తడిపితేనో అసలు రంగు తేలుతుంది. వాన వెలిసిన వెంటనే తీసిన ఫొటో ముందు ఎండాకాలపు ఫొటోలు పది కూడా నిలవవు.

తడిసిన రాయితో మరో చిక్కుంది. నలుపు ఎక్కువగా ఉన్న దృశ్యాన్ని కెమెరా తనంతట తాను వెలిగించి బూడిదరంగు చేసేస్తుంది. వెలుగును చేత్తో ఒకటి, ఒకటిన్నర స్టాపులు తగ్గించుకోవాలి. ఏటవాలు ఎండ కోసిన మెట్ల నీడల్ని పదునుగా చూపిస్తుంది. అయితే ఉదయం, సాయంత్రం ఎండ గుంత అడుగుదాకా దిగదు. పై మెట్లకు ఆ వేళలు, అడుగుకు మధ్యాహ్నం. పక్కన మనిషో, లారీయో లేకపోతే ఆ లోతు అందదు.

ఈ రాయిలో మెరిసే చుక్కల సంగతి మరీ తమాషా. బంగారంలా మెరిసేది బంగారం కాదు, బ్రాంజైట్ అనే ఖనిజం. వెలుగు ఒక కోణంలో పడితేనే అది తళుక్కుమంటుంది. కెమెరాను స్టాండు మీద నిలిపి, చేతిలోని టార్చిని నెమ్మదిగా తిప్పుతూ పోతే ఒక్కో చుక్క అంటుకుంటుంది. మెరుపును తగ్గించే పోలరైజర్ ఫిల్టర్‌ను అలవాటుగా బిగించేవాళ్లు ఇక్కడ దాన్ని తీసి చూడటం మేలు. తళుకు కూడా అద్దపు మెరుపుతోపాటే మాయం కావచ్చు.

క్వారీలో అడుగు పెట్టాలంటే యజమాని అనుమతి, తలకు హెల్మెట్, పక్కన అక్కడి మనిషి తప్పనిసరి. అంచుకు పోవద్దు, డ్రోను చెప్పకుండా ఎగరేయొద్దు. ప్రతి ఫొటో కింద తేదీ, క్వారీ పేరు, నిలబడ్డ దిక్కు రాసిపెట్టుకోండి. ఈ రోజు కెమెరాకు ఎదురుగా ఉన్న రాతి గోడ కొన్నాళ్లకు బ్లాకులై ఓడెక్కిపోతుంది.