గొంతు ఒక్క సినిమాకే ఇచ్చారు

ఒకరి ముఖానికి ఇంకొకరి గొంతు తెలుగు ప్రేక్షకుడికి కొత్త కాదు. సుమన్, రాజశేఖర్ తెర మీద గర్జించిన రోజుల్లో మనం విన్నది ఎక్కువగా సాయికుమార్‌ని. రజనీకాంత్ మనకు మనో గొంతుతో, కమల్‌హాసన్ చాలాకాలం ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతుతో మాట్లాడారు. ‘ఏమాయ చేసావె’లో సమంత మాటలు చిన్మయివి. అందుకేనేమో, కృత్రిమ మేధ మనుషుల గొంతులను అచ్చుగుద్దినట్టు పుట్టిస్తోందంటే మన దగ్గర పెద్దగా ఉలికిపాటు కనబడదు. ఎలాగూ అరువు గొంతులే, మనిషి ఇస్తే ఏమిటి, మిషన్ ఇస్తే ఏమిటి అనే ధోరణే ఎక్కువ. కానీ అరువంటేనే ఇచ్చేవాడొకడు ఉండాలి. అడిగితే ఒప్పుకునే, ఇష్టం లేకపోతే పొమ్మనే మనిషి ఒకడు ఉండాలి. ఇన్నాళ్లూ మన డబ్బింగ్‌లో ఆ మనిషి ఉన్నాడు. ఇప్పుడు అతన్ని అడగకుండానే పని జరిగిపోతోంది. నా పేచీ అంతా అక్కడే.

డబ్బింగ్ అంటే మంచి కంఠం ఉండటమే అనుకుంటే ఈ పేచీ అర్థం కాదు. తెర మీద నటుడి పెదవులు మూతపడిన చోట ప, బ, మ లాంటి అక్షరం పడాలి. రచయిత రాసిన మాట అక్కడ కుదరకపోతే కళాకారుడు చిన్న మూలుగో, ఊపిరో కలిపి సర్దుతాడు. పరిగెత్తి వచ్చిన పాత్రకు మైకు ముందు కదలకుండా నిలబడి ఆయాసపడతాడు. అన్నిటికంటే ముందు, ఈ పాత్రకు నా గొంతు నప్పుతుందా అని తేల్చుకుంటాడు. సుమన్‌కు ఎన్నో సినిమాల్లో సాయికుమార్ గొంతే అయినా, 1997లో ‘అన్నమయ్య’లో వేంకటేశ్వరుడికి మాత్రం బాలు చెప్పారు, నంది అవార్డూ అందుకున్నారు. నటుడు అతనే, పాత్ర మారితే గొంతు మారింది. ‘దశావతారం’ తెలుగులో కమల్ వేసిన పది పాత్రల్లో ఏడింటికి, వాటిలో ఆడ పాత్రకు కూడా, బాలూనే గొంతు మార్చి మార్చి చెప్పారు. ఈ నిర్ణయాలన్నీ కలిస్తేనే ఆ వృత్తి. మూడు సెకన్ల నమూనా వింటే చాలు, ఆ గొంతుతో ఏదైనా పలికిస్తామని మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2023లోనే చూపించారు. ఆ మూడు సెకన్లలో నాదం దొరుకుతుంది. ఇది చెబుతాను, అది చెప్పను అనే మనిషి దొరకడు.

మన చట్టం ఈ సంగతిని ముందే కొంత పట్టుకుంది. 1957 నాటి కాపీరైట్ చట్టాన్ని 2012లో సవరించినప్పుడు ప్రదర్శకుల హక్కుల మీద ఒక మాట చేర్చారు. ఒక సినిమాలో తన ప్రదర్శన వాడుకోవడానికి రాసిచ్చిన కళాకారుడు, వేరే ఒప్పందం లేకపోతే, ‘ఆ సినిమా’లో నిర్మాత దాన్ని వాడుకోవడాన్ని అడ్డుకోలేడు. ఆ సినిమా అన్నారు గానీ అన్ని సినిమాలూ అనలేదు. పైగా, సంతకం పెట్టేనాటికి పుట్టని కొత్త మాధ్యమానికి, ఒప్పందంలో ప్రత్యేకంగా రాయకపోతే, హక్కులు బదిలీ కావని కూడా అదే చట్టంలో ఉంది. నేను చదువుకున్నంతలో, పాతికేళ్ల కిందటి డబ్బింగ్ ట్రాకులు తీసి గొంతు నమూనా తయారుచేసే హక్కు నిర్మాతకు దీనివల్ల రాదు. కోర్టులు తేల్చాల్సింది ఇంకా చాలా ఉందనుకోండి. ఇక ముందు రాసే ఒప్పందాల్లో ‘గొంతు నమూనా తయారీతో సహా సమస్త మాధ్యమాల్లో, శాశ్వతంగా’ అన్న ఒక్క ముక్క చేరిస్తే ఈ రక్షణ చాలావరకు నీరుగారిపోతుంది. ఆ రోజు కూలీ కోసం వచ్చినవాడు ఆ పేజీ చదివి సంతకం పెడతాడని ఆశించడం అన్యాయం.

మరి మిమిక్రీ మాటేమిటని అడగొచ్చు. నేరెళ్ల వేణుమాధవ్ ఎందరి గొంతులు పలికించలేదు, ఎవరిని అడిగి పలికించారు? గట్టి ప్రశ్నే. కానీ ఆ సభలో కూర్చున్న ప్రతివాడికీ వేదిక మీదున్నది వేణుమాధవ్ అని తెలుసు. ఆ తెలియడంలోనే ఉంది చప్పట్ల మజా అంతా. పైగా, వినిపించిన ప్రతి గొంతు వెనుకా ఆయన సొంత సాధన ఉంది. ఏఐ గొంతు విషయంలో వినేవాడికి తెలియకపోవడమే వ్యాపారం. పైగా అడగడమూ ఉండదు. గాయకుడు అరిజిత్ సింగ్ గొంతును ఏఐతో పుట్టించే సంస్థలను బొంబాయి హైకోర్టు 2024లో మధ్యంతర ఉత్తర్వులతో ఆపింది, అతని అనుమతి లేకుండా వాడుతున్నారన్న కారణంతోనే.

చనిపోయినవాళ్ల విషయం ఇంకా చిక్కు. ‘కీడా కోలా’లో బాలు గొంతును అనుమతి లేకుండా ఏఐతో సృష్టించి వాడారంటూ ఆయన కుటుంబం 2024లో లీగల్ నోటీసు పంపింది. అదే ఏడాది ‘లాల్ సలామ్’ పాటకు దివంగత గాయకులు బంబా బాక్యా, షాహుల్ హమీద్‌ల గొంతులను వాడిన ఏఆర్ రెహమాన్, కుటుంబాల అనుమతి తీసుకున్నామని, పారితోషికం ఇచ్చామని చెప్పారు. రెండోది మర్యాదైన పద్ధతే. అయినా నాకు పూర్తిగా మనసొప్పదు. డబ్బుకు వారసులుంటారు. ఏ పాట పాడాలి, ఏది వద్దనాలి అన్న వివేకానికి ఉంటారా? ‘స్టార్ వార్స్’లో డార్త్ వేడర్‌కు గొంతిచ్చిన జేమ్స్ ఎర్ల్ జోన్స్ బతికుండగానే తన పాత రికార్డింగుల నుంచి గొంతు పుట్టించడానికి ఒప్పుకున్నారు. అలా మనిషి స్వయంగా చెప్పి వెళ్తే నాకు అభ్యంతరం లేదు. జబ్బుతో మాట పోయినవాళ్లకు తమ గొంతే తిరిగి ఇచ్చే ఏఐ మీద అసలే లేదు.

ఖర్చు తగ్గితే మరిన్ని సినిమాలు తెలుగులోకి వస్తాయి కదా అనే వాదన కూడా ఉంది. రావచ్చు. ఆ తగ్గిన ఖర్చు ఎవరి జేబులోంచి పోతుందన్నదే ప్రశ్న. అరిజిత్ సింగ్ కోర్టుకు వెళ్లగలడు. గుంపులో ‘కొట్టండ్రా’ అని అరిచే గొంతు, సీరియల్లో పక్కింటావిడ గొంతు వెళ్లలేవు. ఇక్కడ 2012 సవరణలోనే ఒక మెలిక ఉంది. సినిమాలో యాదృచ్ఛికంగా వచ్చిపోయే పని చేసి, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం టైటిల్స్‌లో ఎక్కడా పేరు పడనివాణ్ని చట్టం ప్రదర్శకుడిగా లెక్కించదు. తన ప్రదర్శనను వికృతం చేస్తే అడ్డుకునే హక్కు ఒక్కటే అతనికి మిగులుతుంది. అప్పట్లో ఇది జూనియర్ ఆర్టిస్టుల లెక్కల గొడవలా కనబడి ఉంటుంది. ఇప్పుడు నమూనా తయారుచేసేవాడికి పేరున్న గొంతు కంటే పేరులేని గొంతే సుఖం, ఎందుకంటే ఎవరూ గుర్తుపట్టరు, ఎవరూ అడగరు. కాబట్టి డబ్బింగ్ కళాకారుల సంఘాలు పారితోషికం పెంపు కంటే ముందు పట్టుబట్టాల్సినవి రెండున్నాయి. ఒప్పందంలో గొంతు నమూనాకు వేరే సంతకం, వేరే డబ్బు, గడువు ఉండాలి. గుంపు గొంతులతో సహా చెప్పిన ప్రతివాడి పేరూ టైటిల్స్‌లో పడాలి. పేర్లు వేయడానికి నిర్మాతకు అయ్యే ఖర్చు తెర మీద మరికొన్ని సెకన్లే.