‘విచ్ఛిన్న పరిమిత మూలకం’: ఒక పారిభాషిక సమాసంపై విమర్శ – నల్లగొండ, పాలమూరు నేల మాటల వెలుగులో

కీలకపదాలు: పారిభాషిక పదాలు, అవిచ్ఛిన్నత, మూలకం, విడిఖండం, గెట్టు, మత్తడి, ఫ్లోరైడ్.

ఉపోద్ఘాతం:

భూగర్భజలాల కదలికను, వాటితో పాటు సాగే ఫ్లోరైడ్ వ్యాప్తిని కంప్యూటర్ సహాయంతో అంచనా వేయడానికి పనికివచ్చే గణిత పద్ధతుల్లో ‘డిస్కంటిన్యువస్ ఫైనైట్ ఎలిమెంట్’ పద్ధతులు ఒక వర్గం. వీటితో తెలుగు శాఖకు పనేమిటని అడగవచ్చు. మన గణిత పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిన మాటలను కూర్చితే వీటికి ‘విచ్ఛిన్న పరిమిత మూలక పద్ధతులు’ అనే పేరు వస్తుంది. వ్యాకరణరీత్యా తప్పులేని ఈ సమాసం మూడు చోట్ల అర్థాన్ని పక్కదారి పట్టిస్తున్నదని నా అభిప్రాయం. దానిని నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నేల ఆధారంగా పరిశీలిస్తాను.

పద్ధతి స్వరూపం:

నీటి ప్రవాహం, ఉష్ణం వంటి భౌతిక వ్యవస్థలను పాక్షిక అవకల సమీకరణాలు వర్ణిస్తాయి. వాటికి ఒక ప్రాంతమంతటికీ వర్తించే కచ్చితమైన సాధన చాలా సందర్భాల్లో దొరకదు. అందువల్ల ఆ ప్రాంతాన్ని చిన్న త్రిభుజాలుగానో చతుర్భుజాలుగానో విభజించి, ఒక్కొక్కదానిలో ఒక బహుపదితో ఉజ్జాయింపు సాధనను రాస్తారు. దీనికి ‘ఫైనైట్ ఎలిమెంట్’ అన్న పేరు 1960లో క్లఫ్ పెట్టింది. ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదివి అమెరికాలో ఆచార్యులైన జె.ఎన్. రెడ్డి 1984లో ఈ పద్ధతిపై ప్రసిద్ధమైన పాఠ్యగ్రంథం ప్రకటించారు. తెలుగువారు రాసినా అది ఇంగ్లీషు గ్రంథమే.

సాధారణ పద్ధతిలో పక్కపక్క ముక్కల విలువలు ఉమ్మడి అంచు మీద ఒకటి కావాలి. 1973లో లాస్ అలమోస్‌లో రీడ్, హిల్ న్యూట్రాన్ల ప్రసారాన్ని గణించడానికి ఈ నియమాన్ని సడలించారు. 1980ల చివరి నుంచి కాక్‌బర్న్, షూ దీనిని కాలంతో మారే ప్రవాహాలకు విస్తరించారు. ఏ ముక్క బహుపది ఆ ముక్కదే. అంచుకు ఇటు ఒక విలువ, అటు ఒక విలువ ఉండవచ్చు. కాని అంచును దాటే ప్రవాహం మాత్రం ఇరువైపులా ఒక్కటే. ఒక ముక్క నుంచి పోయినంతా పక్కదానిలోకి చేరాలి. ప్రతి ముక్కకూ విడిగా జమాఖర్చు సరిపోవడం ఈ పద్ధతి బలం.

పదాల పరిశీలన:

1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పుస్తకాల వల్ల ‘అవధులు, అవిచ్ఛిన్నత’ ఇంటర్మీడియట్ విద్యార్థికి పరిచితమైన మాటలే. ‘అవిచ్ఛిన్న’లోని నిషేధార్థకమైన ‘అ’ను తొలగిస్తే వ్యతిరేకపదం సిద్ధం. గణితానికి ఇది సౌకర్యమే. వ్యవహారంలో మాత్రం విచ్ఛిన్నం అంటే ముక్కలై నశించడం. పత్రికల్లో అది ‘విచ్ఛిన్నకర శక్తుల’ వెంట నడిచే మాట. నా తరగతిలో ఈ పేరు చెప్పి అర్థమడిగితే ఒక బి.ఎస్సీ. విద్యార్థిని “లెక్క చెడిపోయిన పద్ధతా సార్?” అన్నది. అందరం నవ్వాం గాని, ఆమె తెలుగు సరైనదే. అంచు దగ్గర అంత కచ్చితంగా లెక్క చూసే పద్ధతికి విధ్వంసాన్ని సూచించే పేరు పెట్టింది మనం.

‘పరిమిత’ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఇక్కడ ఉద్దేశించింది అత్యల్పం కాని, కొలవదగిన పరిమాణం గల ముక్క. పాఠకుడికి ముందు తోచేది కొరత.

అసలు చిక్కు ‘మూలకం’తో. సమితిలో ఉన్నదీ మూలకమే, మాత్రికలో ఉన్నదీ మూలకమే, రసాయనశాస్త్రంలో ఫ్లోరిన్ కూడా మూలకమే. “ప్రతి మూలకంలోని ఫ్లోరైడ్ గాఢతను గణించాం” అని ఒక నివేదికలో రాస్తే రసాయనం చదివినవారు ఏమని గ్రహించాలి?

ఈ ప్రాంతానికి ఇది రెండో అనుభవం. 1917లో ఉస్మానియా కోసం ఏర్పడిన దారుల్ తర్జుమా ఉర్దూలో పాఠ్యగ్రంథాలను సిద్ధం చేసినప్పుడు శాస్త్రపదాలకు ఎక్కువగా అరబ్బీ, ఫారసీలను ఆశ్రయించింది. తరువాత మనం సంస్కృతాన్ని ఆశ్రయించాం. సేద్యపు మాట రెండుసార్లూ వెనుకబడింది.

నేల ఇచ్చే మాటలు:

నల్లగొండ జిల్లాలో ఎక్కువ భాగం గ్రానైటు నేల. పైన మొరం, దాని కింద పగుళ్ల రాయి, ఇంకా కింద గట్టి బండ. నీరు ఉండేది మొరంలోను, పగుళ్లలోను. ఒక బోరులో నీళ్లు పడి, కొద్ది గజాల అవతలి బోరు ఎండిపోవడం ఇక్కడి రైతుకు కొత్త కాదు. పక్కపక్క బావుల్లో ఫ్లోరైడ్ మోతాదు కూడా ఒకటిగా ఉండదు. తాగునీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదు. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో అంతకు ఎన్నో రెట్లున్న నీరు తాగి ఎముకలు వంగిన మనుషులున్నారు. ఏ బోరు నీరు తాగవచ్చునో ఇటువంటి గణన తేల్చేటప్పుడు, ఆ గణనను ప్రశ్నించే హక్కు మొదట ఆ ఊరిది. ప్రశ్నించడానికి మాట అందుబాటులో ఉండాలి. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే ‘నల్గొండ టెక్నిక్’ పేరు ఆఫ్రికా దేశాల దాకా వెళ్లింది. నల్లగొండ మాటలు మన పదకోశాల దాకా రాకపోవడం విచిత్రం.

నా ప్రతిపాదన ఇది. మూలకానికి బదులు ‘ఖండం’, పద్ధతికి ‘విడిఖండ పద్ధతి’. ఖండాల నడిమి అంచుకు ‘గెట్టు’. గెట్టు దగ్గర రెండు విలువల తేడాకు ‘ఎగుడు’. గెట్టును దాటే ప్రవాహాన్ని ఎగువ ఖండపు విలువతో నిర్ణయించే విధానానికి ‘మత్తడి ప్రవాహం’. గొలుసుకట్టు చెరువుల్లో మత్తడి దుంకే నీరెంతో తేల్చేది సాధారణంగా పై చెరువు మట్టమే. రెండు చెరువుల మట్టాలు సమం కానక్కరలేదు, పైనుంచి వచ్చిన నీరు మాత్రం కింది చెరువు లెక్కలో చేరాలి. పై పద్ధతి సారాంశానికి ఇంతకన్నా దగ్గరి దృష్టాంతం నాకు కనబడలేదు.

పరిమితులు లేకపోలేదు. చెరువు మట్టం ఖండమంతటా సమంగా ఉంటుంది. ఆ పోలిక అక్కడే ఆగితే విద్యార్థి దీనిని ఖండానికి ఒకే విలువనిచ్చే మరింత సరళమైన పద్ధతిగా పొరబడతాడు. విడిఖండంలో విలువ వాలవచ్చు, వంపు తిరగవచ్చు. కాబట్టి బోధనలో చెరువు తరువాత చెలకను చూపాలి. చెలకలో ఏటవాలు ఉంటుంది, గెట్టు దగ్గర ఎగుడూ ఉంటుంది. ‘గెట్టు’ కోస్తా పాఠకుడికి ‘గట్టు’గా, ‘మత్తడి’ రాయలసీమలో ‘మరువ’గా వినిపిస్తాయన్న అభ్యంతరమూ రావచ్చు. పదకోశంలో ఒక పదం పక్కన మరో రెండు ప్రాంతీయ రూపాలు అచ్చువేయడానికి స్థలం సరిపోతుంది.