చప్పట్ల వెల



తలాంతు అను మాట మనకు క్రొత్తది కాదు. చక్కగా పాడు పిల్లను చూచి, బొమ్మలు గీయు పిల్లవానిని చూచి, “వీనికి మంచి తలాంతున్నది” అని సంతోషముతో చెప్పుకొందుము. అయితే తలాంతు అనునది పూర్వకాలమున ఒక తూకము. దానితో వెండి బంగారములను తూచెడివారు. ఆంగ్లమున ప్రతిభకు వాడు మాటయు ఈ తూకపు పేరునుండియే వచ్చినది. అనగా తలాంతు చేతిలో పెట్టబడిన బరువు. ఆ బరువు క్రింద మనుష్యుడు ఎట్లు నలిగిపోవునో చూపు భయానక చలనచిత్రములు పాశ్చాత్య దేశములలో పెక్కు వచ్చినవి. వానిలో మూడింటిని మీ యెదుట పెట్టి ఒక ప్రశ్న అడుగగోరుచున్నాను: ఈ కథలలో మనము నిజముగా భయపడవలసినది ఎవరిని చూచి?

ఇట్టి చిత్రముల ప్రస్తావన మనకేల అని మీరడుగవచ్చును. శ్మశానములను, కోరలుగల ప్రేతములను చూపు చిత్రములు మనలను కొంతసేపు వణికించి విడిచిపెట్టును. ఇవి అట్లు విడువవు. ఏలయనగా వీనిలో దయ్యము లేదు. పదిమందిచేత మెప్పు పొందవలెనని కోరు మనుష్యులే యున్నారు. అట్టి కోరిక చొరని యిల్లు మనలో ఎవరికున్నది?

మొదటిది 1959లో రోజర్ కార్మన్ అను అమెరికా దర్శకుడు తీసిన ‘ఎ బకెట్ ఆఫ్ బ్లడ్’. సుమారు 50,000 డాలర్ల ఖర్చుతో, 5 దినములలో చిత్రీకరించిన చిన్న చిత్రము. కవులును కళాకారులును చేరు ఒక కాఫీ హోటలులో ఎంగిలి కప్పులు తీయు వాల్టర్ పెయిస్లీ దీనికి నాయకుడు. తానును శిల్పి కావలెనని వాని ఆశ. చేతిలో నేర్పు లేదు. ఒకనాడు గోడలో చిక్కుకొనిన పిల్లిని విడిపింపబోయి పొరపాటున కత్తితో పొడిచి చంపెను. దానికి బంకమన్ను పూసి, బొమ్మయని తెచ్చి చూపగా, అంతవరకు వానివైపు తలయెత్తి చూడనివారు అబ్బురపడి మెచ్చుకొనిరి. మెప్పు రుచి మరిగినవానికి మరియొక బొమ్మ కావలసివచ్చెను. పిల్లి తరువాత మనుష్యుల వంతు వచ్చెను.

ఇందు నా మనస్సును కలచివేసినది వాల్టరు కాదు, ఆ హోటలు యజమానుడు. మన్ను క్రింద పిల్లి బొచ్చు కనబడినప్పుడే అతనికి సంగతి తెలిసిపోయినది. పోలీసులకు చెప్పబోవుచుండగా, ఒక కళాభిమాని ఆ బొమ్మకు 500 డాలర్లిత్తుననెను. యజమానుడు ఊరకుండెను. ఆ ఊరకుండుటలోనే తరువాతి హత్యలు దాగియున్నవి. తుదకు వాల్టరు ఉరిపోసికొనగా, వానిని పొగడిన కవి ఆ శవమును సహితము ఒక శిల్పమువలె ఎంచి మాటలాడును. నవ్వించుటకు తీసిన చిత్రమే గాని, ఆ నవ్వు గొంతులో ముల్లువలె దిగును.

రెండవది 2010లో డారెన్ అరనోఫ్‌స్కీ తీసిన ‘బ్లాక్ స్వాన్’. న్యూయార్కులోని ఒక బాలే నృత్యసంస్థలో నీనా అను యువతికి ‘స్వాన్ లేక్’ నృత్యనాటకమున ముఖ్యపాత్ర దొరకును. తెల్లహంసగా ఆమె తప్పులేకుండ ఆడగలదు. నల్లహంసగా ఆడుటకు తన్ను తాను మరచిపోవలెనని దర్శకుడు ఒత్తిడిచేయును. తల్లి ఒకప్పటి నర్తకి. బిడ్డకొరకు నాట్యము విడిచితినన్న బాకీని కూతురిచేత తీర్పించుకొనుచున్నది. ఎదిగిన ఆ కూతురి గది ఇంకను ఆటబొమ్మలతో నిండియున్నది. నీనా తన వీపును గీరికొనును, చర్మములో ఈకలు మొలచుచున్నవని భ్రమపడును. మొదటి ప్రదర్శనపు రాత్రి పోటీకత్తెను అద్దపు పెంకుతో పొడిచితిననుకొనును; నిజమునకు పొడుచుకొనినది తన్నే. ఆ గాయముతోనే కడవరకు ఆడి, తాను పరిపూర్ణత పొందితినని చెప్పుచు పడియుండగా చప్పట్లు హోరెత్తును; తెర తెల్లబడును.

ఈ పాత్రకై నటాలీ పోర్ట్‌మన్‌కు 2011లో ఉత్తమనటిగా ఆస్కారు బహుమానము వచ్చినది, అది తగినదే. అయినను ఈ చిత్రముతో నాకొక తగవున్నది. కడపటి ఘడియలో చిత్రమే చప్పట్లు కొట్టువారిలో కలిసిపోయినది. ఆ వెలుగు, ఆ సంగీతము నీనా నెత్తురును అందమైనదిగా చేయుచున్నవి. ప్రేక్షకుని ఆ ఉచ్చులో పడవేయుటయే దర్శకుని ఉద్దేశమని కొందరందురు. కావచ్చును. అట్లయిన యెడల చప్పట్లు అణగిన తరువాతి నిశ్శబ్దమును కూడ మనకు చూపవలసియుండెను. కార్మన్ చవుక చిత్రము ఆ నిశ్శబ్దమును చూపినది. కనుక సత్యమునకు అదియే దగ్గరగా నున్నదని నా తీర్పు.

మూడవది 1960లో ఇంగ్లాండులో మైకేల్ పవెల్ తీసిన ‘పీపింగ్ టామ్’. విమర్శకులు దీనిని ఎంతగా దూషించిరనగా, స్వదేశమున ఆ దర్శకుని పని దాదాపు కుంటుపడినది. ఇందు మార్కు అనువాడు ఒక స్టూడియోలో కెమెరా పనివాడు. వాని తండ్రి శాస్త్రజ్ఞుడు. భయమును గూర్చి పరిశోధించుటకై పసివాడైన కుమారుని భయపెట్టి, ఆ ఏడ్పును ఫిలిముపై పట్టెను. పెద్దవాడైన మార్కు స్త్రీలను చంపుచు, వారి ముఖములలోని భయమును తానును ఫిలిముపై పట్టును. తండ్రి పనిని కుమారుడు కొనసాగించెను, అంతే.

అయితే ఈ చీకటిలో ఒక చిన్న దీపమున్నది. క్రింది వాటాలో కాపురముండు హెలెన్ అను యువతి ఒక సాయంకాలము వానితో బయటికి పోవుచు, కెమెరాను ఇంటనే విడిచి రమ్మనును. వాడు విడిచివచ్చును. చిత్రమంతటిలో వాని భుజములు తేలికపడినట్లు కనబడునది ఆ ఒక్క సాయంకాలమే. ఆమెకు కావలసినది వాని పనితనము కాదు, వాడే. ఆ పిలుపు ఆలస్యముగా వచ్చినది. వాని నాశనమును ఆపలేకపోయినది.

చదువరీ, నేనడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడనున్నది. భయపడవలసినది తలాంతును చూచి కాదు. వెల యెంతయని అడుగక మెచ్చుకొను కన్నులను చూచి. మీ యింట పాడు బిడ్డ యుండవచ్చును, మొదటి ర్యాంకు తెచ్చు బిడ్డ యుండవచ్చును. వాని పనిని మెచ్చుకొనుడి, అది న్యాయమే. గాని బహుమతి చేజారిన సాయంకాలము ఆ బిడ్డ గుమ్మములో నిలిచినప్పుడు, మార్కుల మాట యెత్తక, భోజనమునకు రమ్మని పిలువుడి. హెలెన్ ఆలస్యముగా పిలిచినది, మీకింకను సమయమున్నది.