అమరుల ఇళ్లల్లో మిగిలినవాళ్లు

కారంచేడు (1985 జూలై 17), చుండూరు (1991 ఆగస్టు 6) గురించి మనం రాసింది తక్కువేం కాదు. కవిత్వం, పాట, వ్యాసం, నిజనిర్ధారణ నివేదిక అన్నీ వచ్చాయి. అక్కడ ఆరుగురు, ఇక్కడ ఎనిమిది మంది అని లెక్క చెబుతాం. లెక్క అక్కడే ఆపేస్తున్నామన్నదే మా ఫిర్యాదు. చంపబడ్డవాడి వెనక ఒక ఇల్లుంది గదా. ఆ ఇంటి ఆడమనిషి, పిల్లలు మన రచనల్లో శవం పక్కన ఏడుస్తూ ఒకసారి కనబడి మాయమైపోతారు. మర్నాటి నుంచి ఏం తిన్నారు?

కారంచేడు చెరువు దగ్గర బిందె ఎత్తిన మున్నంగి సువార్తనీ, సాక్షిగా నిలబడ్డ అలీసమ్మనీ ఉద్యమం మరిచిపోలేదు, నిజమే. కానీ ఊరొదిలి చీరాల చేరిన జనం శిబిరంలో పొయ్యి ఎవరు వెలిగించారు, తండ్రిలేని పిల్లను ఎవరు పడుకోబెట్టారు? దాన్ని మనం చరిత్ర అనుకోలేదు.

ఇది జాలి విషయం కాదు. గుంటూరు, ప్రకాశం నల్లరేగళ్లలో ఒంటరి తల్లికి దొరికేది పత్తి తీత, మిరపకోత. అదీ సీజన్ ఉన్నన్నాళ్లే. ఇంటిదగ్గర దిక్కులేక పిల్లను చేనుకి తీసుకుపోతే బడి పోతుంది. పని ఇచ్చే చెయ్యి తరచు దాడి చేసిన కులానిదే. చుండూరులో హత్యలకు ముందే సాంఘిక బహిష్కరణ పెట్టి దళితులకు పనులు లేకుండా చేశారు. మరి అట్లాంటి చోట కోర్టుకెక్కి వేలెత్తి చూపించాలంటే ముందు ఆ కూలి లేకుండా బతకగలగాలి. చుండూరు కేసులో ప్రత్యేక కోర్టు తీర్పు 2007 జూలై 31న వచ్చింది. పదహారేళ్లు! అప్పటి చంటిబిడ్డ అప్పటికి పెళ్లీడుకొచ్చింది. 2014 ఏప్రిల్లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. అన్నేళ్లు ఆ ఇళ్లను నిలబెట్టడం కూడా కేసు నడపడమే. దాన్ని సేవాసంస్థల పని అని మనం పక్కన పెట్టేశాం.

అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో వచ్చిన నియమాలు హతుల భార్యకు నెలకు వెయ్యి రూపాయల పింఛను లేదా కుటుంబంలో ఒకరికి ఉద్యోగం లేదా భూమి, ఇల్లు అన్నాయి. పిల్లల చదువు, పోషణ ఖర్చు ప్రభుత్వానిదే అన్నాయి. ఆ 'లేదా' పోయి మూడూ ఇవ్వాలని మారడానికి 2016 దాకా పట్టింది. పింఛను అయిదు వేలయింది. 'కుటుంబంలో ఒకరు' మాత్రం అట్లాగే ఉంది. ఆ ఒకరు భార్యా, మరిదా? అది తేల్చే పంచాయితీలో కూర్చునేది మన మగ పెద్దలే. ఉద్యోగం మరిదికి పోయి, పిల్లలు హాస్టలుకి పోతే, ఆమెకు మళ్లీ మిరపచేనే. దరఖాస్తు రాసే రోజునే ఆమె పేరు రాయించే పని సంఘాలు ఎందుకు పెట్టుకోవు?